హులియా కోసం నాయన చెప్పిన కొలతలు

నలభై ఎనిమిది నాటి పోలీసు చర్యలో మాయమైన మనుషుల మాటెత్తగానే "ఆధారం ఏది?" అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆధారాన్ని నా చేతులతోనే పొయ్యిలో పెట్టాను మరి!

మా నాయనకు రాంగోపాల్‌పేట్‌లో దర్జీ దుకాణం. రజాకార్లు బెదిరించి ఖాకీ బట్టలు కుట్టించుకున్నారు. సైన్యం వచ్చిందనగానే, వాళ్ల పేర్లున్న కొలతల పుస్తకం దొరికితే కొంప మునుగుతుందని నాయన వణికిపోయాడు. కాల్చెయ్యమన్నాడు. కాల్చాను. అందులో మామూలు మనుషుల కొలతలూ ఉన్నాయని ఇద్దరికీ తట్టలేదు.

నెల తిరక్కుండా చిలకలగూడ నుంచి మా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకాయన భార్య వచ్చింది. ముస్లిం ఇల్లాలు, మాలాగే తెలుగు మాట్లాడేది. తన తల్లిని తీసుకొస్తానని సొంతూరికి పోయిన భర్త జాడ సైన్యం వచ్చినప్పటి నుంచి లేదు.

"తప్పిపోయినోళ్ల పేర్లు రాసుకునే ఆఫీసుల ఫోటో అడుగుతున్నరన్నా. మాకెక్కడిది ఫోటో? లేకుంటే మనిషి ఎట్లుంటడో హులియా రాయించుమన్నరు. ఆయన కొలతలు నీ బుక్కుల ఉంటయ్ గదా, జెర చెప్పు."

నాయన నా వైపు చూడలేదు. కత్తెర పట్టుకున్నాడు, పెట్టాడు, మళ్లీ పట్టుకున్నాడు.

"బుక్కెందుకు చెల్లె, నోటికే ఉన్నయ్. రాయ్ బిడ్డా" అని గడగడా చెప్పాడు. ఛాతీ ముప్పై నాలుగు, భుజం పదహారున్నర, చెయ్యి ఇరవై మూడు. రాసిచ్చాను. ఆమె ఆ చీటీని కొంగున ముడేసుకుని ఆఫీసుకు పోయింది.

ఆనాటి నుంచి నాయనకు కుదురు లేదు. బట్ట పెట్టకుండానే మిషన్ తొక్కేవాడు. ఆమె దుకాణం ముందు నుంచి పోయినప్పుడల్లా ఆగి అడిగేది.

"కొలతలు సక్కగనే ఉన్నయ్ గదన్నా?"

"సక్కగనే ఉన్నయ్ చెల్లె."

పుస్తకం చూడందే నాయనకు ఎవరి కొలతలూ గుర్తుండవని నాకు తెలుసు; అబద్ధానికీ ఓ హద్దుండాలని లోలోపల పళ్లు నూరేదాన్ని. నోరు మాత్రం విప్పలేదు. కాల్చింది నేనే కదా.

కొన్నేళ్లకు నా పెళ్లి కుదిరింది. నాయన చొక్కా నేనే కుడతానని పట్టుబట్టి టేపు పెట్టాను. ఛాతీ ముప్పై నాలుగు. భుజం పదహారున్నర. చెయ్యి ఇరవై మూడు. ఆనాడు ఆమెకు చీటీ మీద రాసిచ్చిన అంకెలే.

"ఏందీ నాయినా గిది?"

"ఏం చెయ్యాలె బిడ్డా, ఎంత యాది చేసుకున్నా ఆయన కొలతలు రాలె. నోటికొచ్చినయ్ నావే."

ఆమెకు చెప్పేద్దామని అప్పటికప్పుడే చిలకలగూడకు బయలుదేరాను. సందు మొదట్లోంచే వెనక్కి వచ్చేశాను. సిగ్గేసింది, భయమేసింది.

ఆమె చనిపోయేదాకా భర్త కోసం ఎదురుచూసింది. ఆఫీసువాళ్లు నిజంగా వెతికారో లేదో నాకు తెలియదు. వెతికి ఉంటే మాత్రం, అన్నేళ్లూ వాళ్లు వెతికింది దుకాణంలో ఉత్త మిషన్ తొక్కుతూ కూర్చున్న మా నాయననే.