చెప్పులత్త పిల్లల గది మూసేసింది

ఆమెను పిల్లలు చెప్పులత్త అని పిలిచేవారు. పద్నాలుగేళ్ళుగా తన ఇంటి ముందు గదిలో, పనులకు వెళ్ళే తల్లుల పిల్లలను చూసుకునేది. ఎవరు కొత్తగా చేరినా మొదట నేర్పేది ఒకటే, ఏ చెప్పు ఏ కాలిదో. రంగులూ అంకెలూ ఆ తరువాతే. "మావాడు ఇంట్లో ఎవరి మాటా వినడు. మీ దగ్గర ఇంత బుద్ధిగా ఎలా ఉంటాడండీ? ఏం మందు పెట్టారు?" అని ఒక తండ్రి అడిగితే, "చెప్పులు తిరగేసి వేసుకుంటే బయటికి పంపను, అంతే" అంది.

జోలపాట ఆమెకు రాదు. ఆవిడ పాడితే పడుకున్న పిల్లలు కూడా లేచి కూర్చుంటారని భర్త వేళాకోళం చేసేవాడు. అందుకే వీపు మీద అరచేత్తో తట్టేది. తొమ్మిది మంది పిల్లలూ ఒకరి తరువాత ఒకరు అలాగే నిద్రలోకి జారుకునేవారు.

రెండేళ్ళ కిందట అత్తగారు వచ్చి ఆ ఇంట్లో ఉండసాగింది. అప్పటికే మతిమరుపు మొదలైంది. మొదట కళ్ళజోడు ఎక్కడ పెట్టిందో మరిచిపోయింది, తరువాత ఆ రోజు ఏ వారమో, ఆ తరువాత మనుషులనే మరిచిపోయింది. కోడల్ని పట్టుకుని "అమ్మాయ్, ఈ ఇంటావిడ ఎప్పుడొస్తుంది?" అని అడిగేది. "వచ్చే వేళయింది, కూర్చోండి" అనేది కోడలు. మొదట్లో ఆ మాటకు నవ్వు వచ్చేది. ఆ నవ్వు ఎప్పుడు రావడం మానేసిందో ఆమె గమనించలేదు.

భర్త నీళ్ళ ట్యాంకు దగ్గర పంపు ఆపరేటరు. మంచివాడే గాని నోట్లో నాలుక లేని మనిషి. అతని వాటా మాటలు కూడా చెల్లెలే మాట్లాడేది. ఆ ఆడపడుచు బడిలో పంతులమ్మ. తను ఉండేది మూడో అంతస్తు, అమ్మ మెట్లెక్కలేదు, కాబట్టి తీసుకెళ్ళడానికి లేదు. ప్రతి ఆదివారం వచ్చి తల్లికి తల దువ్వి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగేది.

"ఊళ్ళో పిల్లలందరికీ ముక్కులు తుడుస్తావు. మా అమ్మ గోళ్ళు ఎంత పెరిగాయో చూశావా వదినా? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు."

గోళ్ళు తీయబోతే అత్తగారు చెయ్యి కొరికిన సంగతి చెప్పడానికి కూడా ఆమెకు ఓపిక లేకపోయింది.

ఒక మంగళవారం మధ్యాహ్నం పిల్లలందరూ పడుకున్నారు. ఆమె పాలసీసాలు కడిగి వచ్చేసరికి ఊయల ఖాళీగా ఉంది. అందులో ఉండవలసింది ఎనిమిది నెలల పాప, ఆసుపత్రిలో పనిచేసే ఒక నర్సు కూతురు. అత్తగారి గదికి లోపలి నుంచి గడియ పెట్టి ఉంది.

"అత్తయ్యా, తలుపు తియ్యండి."

"ఎవరు?"

"నేనే. మీ కోడల్ని."

"కోడలా? నా కొడుక్కి ఇంకా పళ్ళే రాలేదు. తర్వాత రామ్మా."

లోపల పాప ఏడ్చింది. కాసేపటికి ఏడుపు ఆగిపోయింది.

ఆమె తలుపు మీద చెయ్యి ఆనించి నిలబడింది. గుండె దడదడలాడాలి, కాళ్ళు వణకాలి. అదేమీ లేదు. తలుపుకు ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన చోట కింద నీలం కనిపిస్తోంది. ఒకప్పుడు ఇది నీలం తలుపన్నమాట అనుకుంది. ఎంతసేపు అలా చూసిందో తెలియదు. నిద్ర లేచిన నాలుగేళ్ళ పిల్ల ఒకతె వచ్చి చెయ్యి పట్టి లాగి, "అత్తా, పాపను పిలవవా?" అనేదాకా కదలలేదు.

అప్పుడు గొంతు మార్చి, "బాబును చూడటానికి డాక్టరుగారు వచ్చారమ్మా" అంది.

గడియ చప్పుడయింది. పాప ముసలామె భుజం మీద నిద్రపోతోంది. "మెల్లగా మాట్లాడండి. ఇప్పుడే పడుకున్నాడు" అంది ముసలామె.

సాయంత్రం నర్సు వచ్చాక జరిగింది జరిగినట్టు చెప్పింది, తను నిలబడిపోయిన సంగతి ఒక్కటి తప్ప. నర్సు పాపను తడిమి తడిమి చూసుకుంది. "మీ తప్పేముందక్కా" అంది. మర్నాటి నుంచి పాపను తీసుకురాలేదు.

భర్త పని నుంచి వచ్చి విషయం విని, స్క్రూడ్రైవరు తెచ్చి తల్లి గది గడియ ఊడదీశాడు. "ఇక భయం లేదు" అన్నాడు.

"గడియ సంగతి కాదు. పిల్లల గది మూసేస్తాను."

అతను చేతిలోని స్క్రూలను జేబులో వేసుకున్నాడు. "చెల్లెలు అన్న మాటలకా?"

"అవుననుకో."

తల్లులకు నెల రోజుల గడువిచ్చింది. ప్రతివాళ్ళూ "అయ్యో" అన్నారు, వెంటనే "మరి పిల్లల్ని ఎక్కడ వదలాలి?" అన్నారు. పిల్లల్ని ఇంకా ఎవరెవరు చూసుకుంటారో అడిగిన వాళ్ళందరికీ చెప్పింది. ఆడపడుచు పళ్ళు తెచ్చి, "మంచి పని చేశావు వదినా, నేను మొదటినుంచీ చెప్తూనే ఉన్నాగా" అని మెచ్చుకుంది. ఆ మెప్పు ఆమెకు పక్కింటి వాళ్ళ రేడియోలా వినిపించింది. చాపలూ బొమ్మలూ అదే పని చేస్తున్న మరొకావిడకు ఇచ్చేసింది. వెలుతురు బాగుంటుందని అత్తగారి మంచం ముందు గదిలో వేశారు. మొదటి వారమంతా చెప్పులత్త మధ్యాహ్నాలు మొద్దులా నిద్రపోయింది.

నాలుగు నెలలకు అత్తగారు పూర్తిగా మంచాన పడింది. ఆ రోజుల్లోనే ఒకనాడు నర్సు వచ్చింది. పాపకు ఇప్పుడు నడక వచ్చింది. రోజూ రెండు గంటలు చూసి పెట్టమని అడిగింది.

"ఇప్పుడు చూడటం లేదమ్మా."

"పెద్దావిడ మంచం దిగడం లేదుగా అక్కా. ఇంకేం భయం?"

చెప్పులత్త నెమ్మదిగా చెప్పింది. "ఆ రోజు నాకు భయం వెయ్యలేదు. నీ కూతురు ఏడుపు ఆపేసింది, నేను తలుపు రంగు చూస్తూ నిలబడ్డాను."

నర్సు పాపను దగ్గరికి లాక్కుంది. లేచి వెళ్ళిపోతుందేమో అనిపించింది. వెళ్ళలేదు. "వార్డులో నాకూ అప్పుడప్పుడు అలాగే అవుతుందక్కా. మొహం కడుక్కుని మళ్ళీ వెళ్తాను" అంది.

"నువ్వు మళ్ళీ వెళ్ళగలవు" అంది చెప్పులత్త. అది ఓదార్పో కాదో ఆమెకే తెలియలేదు.

ముందు గదిలోంచి ముసలామె ఎవరినో పిలిచింది. అది కోడలి పేరు కాదు. అయినా లేచి వెళ్ళింది.