కంటికి పెట్టిన బొట్టు

చిత్తూరులో కోర్టు వీధి చివర దొరస్వామికి ఒక ఫోటో స్టూడియో ఉండేది. కప్పులో సగం గాజుపలక, కింద ఒక వంపుకాళ్ళ కుర్చీ, దాని వెనుక ఎవరూ ఎన్నడూ చూడని కొండలు గీసిన తెర. ఊళ్ళు పట్టుకుని తిరిగేవాణ్ణి గనుక, బస్సు తప్పినప్పుడల్లా నేను ఆ కుర్చీలో కునుకు తీసేవాణ్ణి. భయంతో ఇంత నెమ్మదిగా, ఇంత మర్యాదగా కాపురం చేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. మొదట్లో మాత్రం అతనికి భయమనేదే లేదు. చిక్కంతా అక్కడే మొదలైంది.

కెమెరాకు ముందు బిగించే లెన్సును దొరస్వామి ‘కన్ను’ అనేవాడు. వెనకటికి అరబ్బు పండితుడొకడు చీకటిగదిలో కూర్చుని చూపు గురించి ఆలోచించాడని ఎక్కడో చదివి అతనికి చెప్పాను. “ఆయనకూ మా మాదిరే చీకటి బతుకేనా, పాపం” అన్నాడు. పుస్తకాల మాటలు అతనికి అంతకుమించి అక్కరలేదు. ఫోటో చేతికిస్తే చాలు, తీసిన కన్ను ఏదో చెప్పేవాడు. మనిషి వెనుక ఆకులు సుడి తిరిగినట్టుంటే అది ముఖాల కోసం చేసిన పాతకాలపు కన్ను. గోడ అంచు విల్లులా వంగితే చవక డబ్బా కెమెరా. మూలలు నల్లబడితే, లోపల బొమ్మ పడే గాజుపలకకు చాలని చిన్న కన్ను.

కోర్టు ముందు అర్జీలు రాసే గురప్ప రోజూ వచ్చి ఎగతాళి చేసేవాడు.

“మా మామ ఫోటో ఇస్తాను, ఆయప్ప ఎన్ని అబద్ధాలు చెప్పినాడో చెప్తావా?”

“అది కన్ను చెప్పదప్పా, మీ అత్త చెప్తాది.”

ఎగతాళి చేసిన గురప్పే కోర్టంతా తిరిగి స్నేహితుడి గొప్ప చాటాడు. కోర్టులో పుట్టిన మాట పోలీసు స్టేషనుకు చేరడానికి ఎంతసేపు?

ఇక్కడ దొరస్వామి చెల్లెలు దేవకమ్మ సంగతి చెప్పాలి. చిన్నప్పుడు ఒక ఆయుధపూజనాడు అన్న పనిముట్లన్నిటికీ ఆమె బొట్లు పెట్టింది. ఎవరైనా కెమెరా కొయ్యకు పెడతారు. ఆమె కన్నుకే, గాజు నడిమధ్యన పెట్టింది. పసుపులో సున్నం కలిపిన ఎర్రబొట్టు. అది ఎండి అతుక్కుంటే భయపడి పావడ అంచుతో గట్టిగా తుడిచింది. సున్నపు నలుసులకు గాజు గీరుకుపోయింది. ఆ తర్వాత ఆ కన్నుతో ఎండలో ఏది తీసినా తెల్లబట్టల అంచుల నుంచి వెలుగు పాలు పొంగినట్టు పొంగేది. ఆమె పెళ్ళయి తిరుపతికి పోయేటప్పుడు దొరస్వామి ఆ కన్నును ఆమె భర్త మునిరత్నం చేతిలో పెట్టాడు. “ఇది పాడైన కన్ను, ఇది దాన్ని పాడు చేసిన పిల్ల. రెండూ నీవే” అన్నాడు. మునిరత్నం దానితోనే తిరుపతిలో చిన్న స్టూడియో పెట్టుకున్నాడు.

నలభైరెండులో ఊళ్ళన్నీ అట్టుడికిపోతున్న రోజులు. ఒక తాలూకా కచేరీ కప్పు మీద జెండా ఎగరేస్తున్న ఫోటో ఒకటి రహస్యంగా చేతులు మారుతూ వచ్చింది. దసరాకు కొన్నాళ్ళ ముందు దాన్ని జేబులో పెట్టుకుని ఇన్‌స్పెక్టర్ స్టూడియోకు వచ్చాడు. కృష్ణాజిల్లా మనిషి, కొత్తగా బదిలీ మీద వచ్చాడు.

“దీంట్లో ముఖాలు మసకగా ఉన్నాయి. దీని అసలు గాజుపలక, ఆ నెగటివ్, దొరికితే ఒక్కొక్కణ్ణీ పోల్చుకోవచ్చు. తీసినవాడు దొరికితే పలక దొరుకుతుంది. ఏ లెన్సో చెప్పవయ్యా, మనిషిని నేను చూసుకుంటా.”

దొరస్వామి ఫోటో అందుకున్నాడు. జెండా పట్టుకున్నవాళ్ళ ఖద్దరు చొక్కాల నుంచి వెలుగు పొంగుతోంది. తన చెల్లెలి బొట్టు. తెలియదంటే ఎవరూ నమ్మరు, అంత చాటింపు జరిగింది. డబ్బా కెమెరా అందామంటే అది పెద్ద పలక మీద తీసినదని అంచులే చెబుతున్నాయి. అట్లాంటి కెమెరాలు జిల్లాలో వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. ఏ కన్ను పేరు చెప్పినా ఒక మనిషి పేరు చెప్పినట్టే.

“పండగ పోనీండి సామీ. మంచి ఎండలో సూసి చెప్తాను” అన్నాడు.

ఆ రోజుల్లో వీధిలో సైకిలు గంట మోగినా అతని భుజాలు ఎగిరిపడేవి. పెళ్ళాం అక్కమ్మ వడ్డించిన సంగటి ముద్ద అట్లానే చల్లారిపోయేది. తిరుపతికి కబురంపుదామంటే, తన మీద నిఘా ఉంటే ఆ కబురే వాళ్ళకు దారి చూపుతుంది.

ఆయుధపూజనాడు అతను పసుపులో సున్నం చిక్కగా కలిపి, తన దగ్గరున్న ఒకే ఒక మంచి జర్మనీ కన్నుకు నడిమధ్యన బొట్టు పెట్టాడు. అది ఎండినాక గోనెగుడ్డతో తుడిచాడు.

అక్కమ్మ చూసి నిలబడిపోయింది. “ఏం పని ఇది? కన్ను పోగొట్టుకుంటా ఉండావే.”

“ఇంట్లో ఒక కన్ను పోతే పోనీలే. మనిషి ఉండల్ల గదా.”

మర్నాడు గురప్పను ఎండలో నిలబెట్టి తీశాడు. అచ్చు చూసుకుని గురప్ప, “నన్నేందప్పా దేవుణ్ణి చేసినావు” అని మురిసిపోయాడు. పంచె చుట్టూ వెలుగు పొంగుతోంది.

ఆ అచ్చూ, ఆ కన్నూ సంచిలో పెట్టుకుని దొరస్వామి స్టేషనుకు పోయాడు. అక్కడా పూజ అయింది. తుపాకులకు బొట్లు, సైకిలుకు బొట్లు, కుర్చీకి బొట్లు. గడప దాటినాకే అతనికి జ్ఞాపకం వచ్చింది: ఇన్‌స్పెక్టర్ కుర్చీ వెనుక గోడకు, పోయినేడు దొరలందరినీ కూర్చోబెట్టి తాను తీసిన గ్రూపు ఫోటో ఉంది. ఇదే కన్నుతో తీసింది. గుండీలు సైతం లెక్కపెట్టుకోవచ్చు, అంత స్పష్టం. ఆయన ఒక్కసారి వెనక్కి తిరిగితే అయిపోయింది.

“మా కన్ను కూడా ఇంతే సామీ” అన్నాడు, అచ్చు చూపించి. “ఏటేటా పూజకు బొట్టు పెడతాం. సున్నం గాజును తింటాది. పూజ చేసేవాళ్ళ కన్నులన్నీ ఇట్టనే ఉంటాయి. ఏదని చెప్పేది?”

ఇన్‌స్పెక్టర్ కన్నును వెలుతురుకు పెట్టి చూశాడు. నడుమ మచ్చ. గురప్ప పంచెనూ ఖద్దరు చొక్కాలనూ పక్కపక్కన పెట్టాడు. తర్వాత మెల్లగా, “అదిగో, ఆ గ్రూపు ఫోటో కూడా నువ్వేగా తీసింది?” అంటూ వెనక్కి తిరిగాడు.

దొరస్వామి గోడ వైపు చూడలేక నేల చూశాడు.

“ఏంటయ్యా ఇది?” ఇన్‌స్పెక్టర్ గొంతు.

ఫోటో అద్దం మీద ఒక్కొక్క దొర ముఖానికీ గంధమూ కుంకుమా. చొక్కాల దాకా కారి, అద్దమంతా ఒకటే మరక. కానిస్టేబుల్ మునెయ్య ముందుకొచ్చాడు.

“పూజ గదా సార్. అన్నిటికీ పెట్టి దొరలను ఇడిసిపెడితే బాగుండదని.”

“కలెక్టరుగారి ముక్కు మీద కూడానా?”

“పెద్దాయన గదా అని రోంత పెద్దది పెట్టినాను సార్.”

ఇన్‌స్పెక్టర్ తల పట్టుకున్నాడు. పక్కనున్న హెడ్డు కానిస్టేబుల్ మాత్రం దొరస్వామినే చూస్తున్నాడు. “ఈయప్ప చెప్పేది నిజమో కాదో కాణిపాకానికి తీసుకపోయి ప్రమాణం చేయిస్తే తేలిపోతాది సార్” అన్నాడు. కాణిపాకం వినాయకుడు వరసిద్ధుడి ముందు అబద్ధం చెప్పి బాగుపడినవాడు లేడని ఆ సీమంతా నమ్మకం.

“అవసరమైతే తీసుకెళ్దాం. ప్రస్తుతానికి వెళ్ళు” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆ అవసరం రాలేదు. కొన్నాళ్ళకు ఆయనకు బదిలీ అయింది. మునిరత్నం జోలికి ఎవరూ పోలేదు. దొరస్వామి మాత్రం మళ్ళీ ఎవరి ఫోటో చూసీ ఏ కన్నో చెప్పలేదు. ఎవరైనా ఫోటో చాపితే తిరగేసి, వెనకవైపు అట్ట చూసి ఇచ్చేసేవాడు. పాడైన కన్నుతో తీసిన పెళ్ళిఫోటోల్లో ముఖాలకు లక్ష్మీకళ వచ్చిందని జనం ఎగబడ్డారు. ఆ మెప్పు వింటూ కూడా వీధి వైపే చూస్తుండేవాడు.

స్వరాజ్యం వచ్చిన ఏడు దేవకమ్మ మొక్కు తీర్చుకోవడానికి కాణిపాకం వచ్చింది. అన్ననూ పట్టుపట్టి పిలుచుకొచ్చింది. అదే బస్సులో నేనూ ఉన్నాను. అందరూ గుడిలోకి పోతే దొరస్వామి టెంకాయల అంగడి దగ్గర ఆగిపోయాడు.

“రావా?” అన్నాను.

“అవసరమైతే అన్నాడు గదప్పా ఆ దొర. ఈ గడప దాటితే ఆ అవసరం నేనే తెచ్చుకున్నట్టు గాదా?”

“ఆ దొరలే పోయినారు గదయ్యా.”

“లోపలుండే ఆయన యాడికీ పోలేదు గదా.”

దేవకమ్మ బయటికొచ్చింది. చేతిలో కుంకుమ. “నువ్వు రాకపోతే ఏమి, నీ పేరు కూడా చెప్పినాలే” అంటూ అన్న నుదుటికి బొట్టు పెట్టబోయింది. ఆ ఎర్రటి వేలు దగ్గరికి వస్తుంటే దొరస్వామి రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నాడు. ఆమె చెయ్యి తీసినాక కూడా చాలాసేపు తెరవలేదు.