నాలుగో రాణి భయపడిందని నానన్నప్పుడు

ఒట్టు బావా. కల్పించి సెప్పడానికి నాకంత బుర్ర లేదు. జరిగింది జరిగినట్టే సెప్తన్నాను, నవ్వుకుంటే నవ్వుకో.

నా పీహెచ్‌డీ ఇంగ్లండ్ రాణుల మీదని తెలుసు కదా. ట్యూడర్లనే రాజవంశం కాలంలో ఒక రాజు ఆరుగుర్ని పెళ్లాడాడు. నాను రాస్తన్నది నాలుగో ఆవిడ గురించి. వేరే దేశం పిల్ల. ఇంగ్లీషు ముక్క రాదు. బొమ్మ సూసి తెప్పించుకున్నాడు, మనిషిని సూసి మొహం తిప్పుకున్నాడు. ఆర్నెల్లు తిరగ్గానే పెళ్లి సెల్లదన్నాడు. ఆవిడ సరేనని సంతకం పెట్టీసింది. అంతకుముందు ఒక రాణికి తల తీయించీసినాడు మరి.

ఆ రోజు వాన. మధురవాడలో మా ఫ్లాట్. సీకటి పడగానే కరెంటు పోనాది. బ్లాకంతా... ఫేన్లు లేవు, టీవీలు లేవు. బాల్కనీ రేకు మీద సినుకులు... టప్... టప్... నాకు టైపు సెయ్యడం బద్ధకం. నోట్సు ఫోన్లో మాటాడి రికార్డు సేసుకుంటాను. ఆ సీకట్లోనూ అదే పని. ఇంట్లో ఒక్కడినే.

"ఆమె భయంతోనే ఒప్పుకుంది," అన్నాను. తర్వాత మాట తట్టలేదు. రికార్డింగు నడుస్తానే ఉంది. ఆపీసి, వెనక్కి పెట్టి ఇన్నాను.

నా గొంతు... "భయంతోనే ఒప్పుకుంది." తర్వాత రేకు మీద వాన. టప్... టప్...

వాన ఆగిపోనాది.

ఫోన్లో, బావా. బయట పడతానే ఉంది. ఫోన్లో మాత్రం... ఏటీ లేదు. ఎవరో ఊపిరి తీసుకున్నారు. దగ్గరగా... మైకుకి మూతి ఆన్చినంత దగ్గరగా...

"కాదు."

ఆడగొంతు. కోపం లేదు. ఏడుపూ లేదు. లెక్క తప్పు సేస్తే టీచరమ్మ దిద్దినట్టు. అంతే. మళ్లీ వాన.

ముందు భయమెయ్యలేదు. నాలుగో రాణికి ఇంగ్లీషే రాదు కదా, తెలుగెలా వచ్చిందీ అనుకున్నాను. ఆ తర్వాత ఫోను బల్ల మీద పెట్టీసి దూరంగా జరిగాను.

కాసేపటికి అక్క వచ్చింది. గాజువాకలో పని, బస్సు దిగి తడిసిపోయి వచ్చింది. మొగుడితో తెగదెంపులయిన కాడ్నుంచీ నా దగ్గరే ఉంటంది. కోర్టులో సంతకం పెట్టిన రోజు పక్కనున్నది నానే.

"అక్కా, ఇది నీ గొంతా?"

ఫోను సెవి దగ్గర పెట్టుకుంది. "నాను బస్సులో ఉన్నాన్రా."

మళ్లీ ఇంది. ఇంకోసారీ ఇంది. తల తుడుసుకోవడం మానీసింది.

"మరెవరక్కా?"

"నాకేటి తెలుసు?" అంది. ఫోను నా సేతిలో పెట్టి, "సరిగ్గానే సెప్పింది కానీ. నానే భయపడితే ఆ మొగుడింట్లోనే ఉండిపోదును కదరా."

తర్వాత పై ఫ్లాట్ వాళ్లని అడిగాను, పక్కవాళ్లని అడిగాను. ఎవరూ మా వైపు రాలేదంట. ఫోన్లు బాగుసేసే ఫ్రెండుకి ఇనిపించాను. వేరే ఎవరి ఫోన్ కాలో కలిసుంటాదన్నాడు. అయ్యుండొచ్చు. కాదనడానికి నా దగ్గరేటీ లేదు.

భయంతోనే అన్న ఆ వాక్యం కొట్టీశాను. దాని బదులు ఏటి రాయాలో తెలీక రోజుకోటి రాస్తన్నాను. రాసింది పైకి సదవాలంటే మాత్రం... అక్క ఇంటికొచ్చేదాకా ఆగుతాను.