నీటిని లోపలికి పిలిచిన ఆయమ్మ

బడిలో వరండాలు తుడిచే ఆయమ్మకు ఇరవై రెండేళ్లుగా ఒకటే పని, నీళ్లను బయటికి తరమడం. వెనక్కి వెనక్కి నడుస్తూ తుడుస్తుంది. ఏ గదిలో బకెట్ ఒలికినా నీళ్లు ఏ మూలకు చేరతాయో కళ్లు మూసుకుని చెప్పేస్తుంది. “నీ అరికాళ్లకు కళ్లున్నాయే!” అని మురిసిపోయేవాడు మొగుడు. ఆయన పోయి రెండేళ్లు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా తుడిచిన చోటే మళ్లీ తుడిచేది.

ఊరి చివర మడ అడవిలో ఒక ముక్క ఎండిపోయింది. రోడ్డుకోసం కట్ట వేసినప్పటినుంచి పోటు నీళ్లు అటు రావడం మానేశాయి. ఆదివారాలు నలభైమంది కలిసి కాలువ తవ్వాలనుకున్నారు. విత్తనాలు రాలే కాలం దగ్గరపడింది. ఈలోగా నీళ్లొస్తే విత్తనాలు వాటంతటవే తేలుతూ వెళ్లి పాతుకుంటాయి, లేకపోతే ఏడాది ఆగాల్సిందే. తవ్వడానికి ఒక్క కాలువకే వ్యవధి ఉంది.

సర్వేయరు కాలువకు గుర్తుగా ఎడమవైపు ఎర్రజెండాలు పాతాడు. ఆయమ్మ చీర ఎగ్గట్టి వాటి వెంట వెనక్కి నడిచి, సగం దారిలో ఆగింది.

“ఇక్కడ మిట్ట ఉంది బాబూ, నీళ్లెక్కవు. కుడిపక్క నుంచి తేవాలి.”

“నా మిషను అబద్ధం చెబుతుందా అమ్మా?”

“మిషను మూడు కాళ్లమీద నిలబడింది. నేను రెండు కాళ్లతో నడిచాను.”

జనం గొల్లుమన్నారు. ఆమె అక్కడే బకెట్ నీళ్లు గుమ్మరించింది. అవి కాసేపు తచ్చాడి, వెనక్కి తిరిగి, సర్వేయరు బూట్లు తడిపి కుడివైపు పోయాయి. ఆయన జెండాలు పీకాడు.

“వదినా, నీ మాటమీద తవ్వుతున్నాం. నీళ్లు రాలేదో, ఈ నలభై నడుములకీ నువ్వే నూనె రాయాలి!” అంది ఆడపడుచు.

ఆయమ్మ నవ్వలేదు. ఆమెకు ఆ రాత్రినుంచి అన్నం సయించలేదు.

అయిదు ఆదివారాలు తవ్వారు. పెద్ద పోటు రోజు పొద్దున కాలువ మొదట్లో ఉంచిన అడ్డుకట్ట కోశారు. నీళ్లు గలగలమంటూ వచ్చి, సగం కాలువలో చతికిలబడ్డాయి.

“నూనె సీసా తెమ్మంటావా?” అని గొణిగింది ఆడపడుచు.

ఆయమ్మ కాలువలోకి దూకింది. ఎండుటాకులు, పుల్లలు కుప్పగా అడ్డం పడి ఉన్నాయి. బడిలో తుడిచినట్టే వెనక్కి నడుస్తూ, రెండు చేతులా వాటిని పక్కకు తోసింది.

“రావే తల్లీ! ఇన్నేళ్లు బయటికి తోశానని అలగకు!”

నీళ్లు కదిలాయి. మడమలు, పిక్కలు, మోకాళ్లు! రాలిన మొదటి విత్తనాలు బిలబిలమంటూ ఆమెను ఢీకొట్టుకుంటూ పోయాయి. గట్టుమీద ఈలలే ఈలలు. ఆయమ్మ పకపకా నవ్వుతూ వెనక్కి, ఇంకా వెనక్కి నడిచి, మోడు తగిలి బురదలో కూలబడింది. లేపబోయిన ఆడపడుచూ జారింది. ఆమెను పట్టుకున్న సర్వేయరూ జారాడు.

నవ్వి నవ్వి ఆయమ్మ కళ్లు కారాయి.

“ఏడుస్తున్నావా వదినా?”

“మీ అన్నయ్య ఉంటే ఏమనేవాడో తెలుసా? ‘అరికాళ్లకు ఉన్నాయిగానీ, వీపుకు లేవే కళ్లు!’ అనేవాడు.”

ఆడపడుచు మళ్లీ బురదలో పడి దొర్లింది. ఊడిన ఆమె చెప్పు ఒకటి, విత్తనాలన్నిటికంటే ముందు, ఎండిన ముక్కలోకి తేలిపోయింది.