అంతకుముందు విజయేందర్

విజయేందర్‌కు లోకంలో ఏ సంగతైనా మొదటి నుంచే కావాలి. ఆ మొదటికి ముందు ఇంకో మొదలుంటుందని ఆయన గట్టి నమ్మకం. చాయ్ ఇస్తే ఊరికే తాగడు.

"అవ్వా, గీ అల్లం చాయ్ ఎవ్వల దగ్గర నేర్చినవ్?"

"మా అత్త దగ్గర, బిడ్డా."

"అంతకుముందు?"

అత్తగారి అత్తగారి దాకా పోయొచ్చేసరికి చాయ్ మీద మీగడ కట్టేది. మల్లక్క తిట్టుకుంటూ మళ్ళీ వేడి చేసేది.

కరీంనగర్‌లో మల్లక్క, రాయమల్లుల ఇంటి మీది గదిలో ఆయన కిరాయికి ఉండేవాడు. సొంతూరు మందమర్రి, తండ్రి బొగ్గుబావిలో పనిచేసి రిటైరయ్యాడు. మల్లక్క కొడుకు సిద్ధుది ఉల్టా జబ్బు. కూర్చున్నచోట కూర్చోలేడు. డిగ్రీ మధ్యలో ఒకనాడు క్లాసులోంచి లేచి బయటికొచ్చినవాడు మళ్ళీ లోపలికి పోలేదు. అప్పట్నుంచి కనబడ్డ ప్రతి చుట్టమూ ఒకటే ప్రశ్న: "ఇగ తర్వాతేంది బిడ్డా?" అది వింటే సిద్ధుకు అరికాలి మంట నెత్తికెక్కేది.

కింద "తర్వాతేంది", మీద "అంతకుముందు". ఇప్పటి సంగతి మాట్లాడే మనిషే ఆ ఇంట్లో లేడు.

ఇటువంటి విజయేందర్ పోయి పోయి పీహెచ్‌డీలో చేరాడు. అంశం బొగ్గుబావుల కాలనీల పెళ్లి పాటలు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన కుటుంబాలు ఒకే వరుస క్వార్టర్లలో ఉండేసరికి వాళ్ల పాటలు ఎట్లా కలిసిపోయాయో చెప్పాలి. అంశం మంచిదే. కానీ మొదటి అధ్యాయంలో, దీని మీద అంతకుముందు ఎవరెవరు ఏం రాశారో సమీక్ష చేయాలట. చేపకు శిక్ష వేస్తున్నామని చెరువులో పడేసినట్టయింది.

ఒక వ్యాసం దొరికితే దాంట్లో ఇంకో పుస్తకం పేరు. ఆ పుస్తకం దొరికితే దాని అడుగున ఏదో పాత సంచిక పేరు. చదవడం లేదు, వెనక్కి పోవడమే. రాయడానికని కొత్త పెన్ను కొన్నాడు. దాన్ని పట్టుకొని సిద్ధు బండి మీద కొండగట్టు పోయాడు. పూజారి పెన్నును అంజన్న పాదాల దగ్గర పెట్టి చేతికిస్తే, "అయ్యగారూ, మీకన్న ముంగట ఈడ ఎవలు..." అని అందుకున్నాడు. వెనక వరుస గోలపెట్టింది. సిద్ధు ఆయన నోరు మూసి బయటికి లాక్కొచ్చాడు.

పుస్తకాల వేటకు బండి సిద్ధుదే. ఆదివారం పొద్దున్నే మెట్ల మీది నుంచి కేక వినబడేది: "తమ్మీ, బండి తియ్! ఇంకో పాతది దొరికింది!" జగిత్యాలో, మంచిర్యాలో, ఎక్కడైతేనేం? బండి కదిలితే చాలు సిద్ధుకు.

ఇట్లా ఏళ్లు గడిచాక గైడు ఉమారాణి మేడం ఓపిక నశించింది.

"విజయేందర్, సోమవారం నీ సమీక్ష నా బల్ల మీద లేకుంటే పొడిగింపు కాయితం మీద సంతకం పెట్ట. సీటు పోతది."

"మేడం, గా ఒక్క వ్యాసం..."

"దాని ముందుదాని పేరెత్తినవో, చూడు మరి!"

ఈ ఆదివారమన్నా గదిలో కూర్చొని రాస్తాడనుకున్నాడు సిద్ధు. తెల్లారకముందే కేక: "తమ్మీ, బండి తియ్! భైంసా!"

"అన్నా, రేపు సోమవారం! పిచ్చి లేసిందా?"

"రుక్మాబాయి అని రిటైరైన టీచరమ్మ ఉన్నది. అందరికన్న పాత వ్యాసం ఆమెదే. జల్ది తియ్."

నిర్మల్ దాటేసరికి నడుములు కర్రలయ్యాయి. పత్తి లారీల వెనక దుమ్ము తింటూ మిట్టమధ్యాహ్నానికి భైంసాలో ఆ ఇంటి తలుపు కొట్టారు. జొన్నపిండి చేతులతో రుక్మాబాయి వచ్చి మరాఠీ కలిపి పలకరించింది.

"కాయ్ బాబా, నువ్వేనా విజయేందర్? వానాకాలంలనే వ్యాసం ఫొటోలు తీసి నీ ఫోన్‌కు పంపిన గద! అందలేదా?"

సిద్ధు మెల్లగా ఇటు తిరిగాడు. విజయేందర్ గోడమీది క్యాలెండర్‌ను అదే మొదటిసారి చూస్తున్నట్టు చూడసాగాడు.

"అందినయా?" అన్నాడు సిద్ధు.

"అందినయ్."

"చదివినవా?"

"తెరువలే. తెరిస్తే మొదలువెట్టాల్సొస్తది."

"మరి నన్నెందుకు గింత దూరం గుంజుకొచ్చినవ్?"

విజయేందర్ చొక్కా గుండీ తిప్పుకున్నాడు. "ఇయ్యాల మీ పెద్దబాపు వస్తుండు. అవ్వ నిన్ననే మటన్‌కు చెప్పింది. పోయినసారి ఆయన 'తర్వాతేంది' అంటే నువ్వు కంచం ఇసిరేసినవ్. బాపు నీతోని మాట బంద్ చేసిండు. కింద గంత లొల్లయితే మీద నాకు చదువు సాగది."

"నీ చదువు ఎన్నడు సాగిందే!" అని ఎగిరిన సిద్ధు వేళ్ల మీద ఆదివారాలు లెక్కపెట్టాడు. తాము జగిత్యాల పోయిన ఆదివారమే ఇంటికి మేనత్తలొచ్చారు. మంచిర్యాల పోయిన ఆదివారం, డిగ్రీ పాసైన దోస్తుల దావత్. పాత పుస్తకాలన్నీ ఏరి ఏరి ఆ రోజుల్లోనే దొరికాయి.

తెలిసినట్టు కనబడొద్దని ఇంకా గట్టిగా అరిచాడు. "సీటు పోతది, జర సోయి ఉన్నదా నీకు?"

విజయేందర్ ఆఖరి ఆశతో రుక్మాబాయి వైపు తిరిగాడు. "టీచరమ్మా, మీకన్న ముంగట ఎవలు రాసిండ్రు?"

"ఎవ్వరు రాయలే బాబా. పాడిండ్రు. రాసుడు నాతోనే మొదలు."

మెట్లు అయిపోయాయని తెలియక ఇంకో మెట్టు దిగబోయినవాడిలా అయ్యాడు విజయేందర్.

"ఇగ ఎనుకకు తొవ్వ లేదన్నా," అని సిద్ధు తలుపు మూసి దానికి అడ్డంగా కూర్చున్నాడు. "ఆ ఫొటోలు తెరిచి నువ్వు చెప్పు, నేను నా ఫోన్ల టైపు కొడ్త."

"మొదటి మాట ఏముండాల్నంటే..."

"మొదటిది వద్దే! రెండోది చెప్పు!"

అట్లా రెండో వాక్యంతో ఆ సమీక్ష మొదలైంది. విజయేందర్ నోట "అంతకు" అన్న మాట వినబడితే చాలు, రుక్మాబాయి ఆ నోట్లో జొన్నరొట్టె ముక్క పెట్టేది. క్లాసులో కుదురుగా కూర్చోలేని సిద్ధు పొద్దు వాలేదాకా కూర్చున్నాడు. కాలు మాత్రం ఊగుతూనే ఉంది.

సోమవారం ఉమారాణి మేడం వరండాలో నిలబడే చదివింది. సంతకం చేసింది. కళ్లజోడు తీసి అడిగింది:

"బాగుంది విజయేందర్. ఇగ తర్వాతేంది?"

విజయేందర్ మొహం తెల్లబోయింది. ఆ ప్రశ్న ఆయనను జన్మలో ఎవరూ అడగలేదు. దిక్కుతోచక, తోడొచ్చిన సిద్ధు వైపు చూశాడు. ఆ ప్రశ్న దెబ్బలు తిని తిని రాటుదేలిన సిద్ధు బండి తాళం చెవి తీశాడు.

"అన్నకు ఆదివారం పనున్నది మేడం. ఇంకో పాత పుస్తకం దొరికింది."

"ఎక్కడ?"

"శానా దూరం మేడం," అన్నాడు సిద్ధు.