పెద్దమ్మ కుంపటి, కుజుడి గాలి

మొన్న ఎల్బీ నగర్‌లో బాలింతగా ఉన్న మా అమ్మాయి ఇంట్లో టీవీ చూస్తుంటే, ఎక్కడో దూరపు గ్రహం మీది గాలిలో కార్బన్ డయాక్సైడ్ జాడ దొరికిందని చెప్పారు. మా చిన్నప్పటి పుస్తకాల్లో దాని పేరు బొగ్గుపులుసు వాయువు. ఆ మాట తలుచుకోగానే నాకు గ్రహం కాదు, పెద్దమ్మ గుర్తొచ్చింది.

ఈ అమ్మాయి పుట్టినప్పుడు నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కెమిస్ట్రీ చెబుతూ, వనస్థలిపురంలో అద్దెకుండేదాన్ని. అమ్మ చిన్నప్పుడే పోయింది, కాన్పుకు వెళ్ళడానికి పుట్టిల్లంటూ లేదు. ఆ ఇంటి ఓనరు తల్లిని, నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చినావిడని, పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఎవరూ అడగకుండానే నా బాలింత చాకిరీ అంతా ఆవిడే నెత్తిన వేసుకుంది. ఆవిడకు పంచాంగమంటే ప్రాణం, నాకు పాఠం చెప్పకపోతే తోచదు, అందుకని గ్రహాల దగ్గర మాకిద్దరికీ బాగా కుదిరింది. శుక్రుడి మీద గాలంతా దాదాపు బొగ్గుపులుసు వాయువేనని, అది వేడిని బయటికి పోనివ్వదని చెబితే పిల్లకు నలుగు పెడుతూ వినేది. గోబర్ గ్యాసులో మండే మీథేనే నెప్ట్యూన్‌కు నీలిరంగు తెచ్చిందంటే నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. కుజుడి దగ్గర మాత్రం నవ్వేది కాదు. అక్కడా బొగ్గుపులుసు వాయువే ఎక్కువ, అది ఎండకు విడిపోయి కాస్త కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది, రంగూ వాసనా ఉండవు, పీల్చిన మనిషిని మత్తులోకి దించి ప్రాణం తీస్తుంది అంటే, భయంగా దండం పెట్టుకునేది.

ఒక మధ్యాహ్నం ముసురు పట్టింది. పెద్దమ్మ రోజూ ఓరగా ఉంచే కిటికీ మూసేసి, తలుపు సందులో పాత చీర కుక్కి, పిల్లకు సాంబ్రాణి వేసిన బొగ్గుల కుంపటిని మంచం దగ్గరికి జరిపి, గోడకు ఆనుకుని కునుకు తీసింది. నాకు మెలకువ వచ్చేసరికి తల పగిలిపోతోంది. పాలకు లేవాల్సిన పిల్ల లేవలేదు; చెంప తట్టినా కళ్ళు తెరవలేదు. ఇది కుంపటి పనేనని అర్థమై, గోడ పట్టుకుంటూ వెళ్ళి కిటికీ తోశాను. పెద్దమ్మ ఉలిక్కిపడి లేచి నా చెయ్యి పట్టుకుంది.

“ఏంది బిడ్డా, గీ వానల కిటికీ తీస్తవా? పిల్లకు సలి వెడ్తది.”

విడమరిచి చెప్పే ఓపిక నాకు లేదు.

“పెద్దమ్మా, గదిలో కుజుడి గాలి చేరింది.”

ఆ మాట వినగానే పెద్దమ్మ తలుపు తీసి, పిల్లను చెంగులో చుట్టుకుని, తూలుతూనే వెళ్ళి వసారాలో వానజల్లులో కూర్చుంది. పక్కనే నేను కూలబడ్డాను. పిల్ల కెవ్వుమన్నాక గానీ మా ఇద్దరికీ ఏడుపు రాలేదు.

ఆ తర్వాత ఆవిడ కుంపటిని గుమ్మం దాటి లోపలికి రానివ్వలేదు. గాలికి తొవ్వ ఉండాలె అంటూ ఎంత ముసురులోనైనా కిటికీ తెరిచి, దానికి వీపు ఆనించి తాను అడ్డంగా కూర్చునేది.

ఇప్పుడు మా అమ్మాయి గదిలో కుంపటి లేదు, ఏసీ ఉంది, అద్దాల కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. పెద్దమ్మ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న టీవీ కట్టేసి వెళ్ళి, అమ్మాయి నవ్వుతున్నా వినకుండా, కిటికీ ఓరగా తీసి దానికి వీపు ఆనించి కూర్చున్నాను. బయట ముసురు. ఆ నెలంతా పెద్దమ్మకు ఎంత చలి వేసి ఉంటుందో ఇన్నేళ్ళకు తెలిసింది.