పక్క కూడా కనబడే టీవీ

మా కడగొట్టు తమ్ముడు పోయిన శుక్రవారం చిత్తూరులో కాలం చేశాడు. నిద్రలోనే పోయాడట. ఫోను వచ్చేసరికి నేను తిరుపతిలో, పూజలో ఉన్నాను. హారతి ముగించి బస్టాండుకు వెళ్ళాను. బస్సు పూతలపట్టు దాటేదాకా పెదవులు నామం చెబుతూనే ఉన్నాయి. మనసు మాత్రం ఒక్కచోటే నిలిచిపోయింది. ఇక ఆ టీవీ వచ్చినా ఎవరికి చెప్పాలి?

మీలో కొందరు వాడి దగ్గర టీవీలు బాగు చేయించుకునే ఉంటారు. చిన్నప్పుడు ఆటలో కట్టె తగిలి వాడి ఎడమ కన్ను పోయింది. ఒంటి కంటికి ఏది ఎంత దూరంలో ఉందో చప్పున తెలియదు. అందుకని కాఫీ గ్లాసు దించే ముందు చిటికెన వేలితో బల్ల అంచు తడుముకునేవాడు. ఫోటో అంటే చాలు, కుడి చెంప మాత్రమే కనబడేలా పక్కకు తిరిగి నిలబడేవాడు.

కళ్ళద్దాలు పెట్టుకుని చూసే సినిమా ఒకటి తిరుపతికి వస్తే వాణ్ణి తీసుకెళ్ళాను. తెరలోంచి బాణం వచ్చిందని హాలంతా తల వంచింది. వాడూ వంచాడు, కొంచెం ఆలస్యంగా. బయటికి వచ్చాక మెల్లగా అడిగాడు, "అక్కా, ఏమొచ్చింది?" అని. ఆ అద్దాలు పనిచేయాలంటే రెండు కళ్ళూ కావాలని అప్పుడు మా ఇద్దరికీ తెలియదు.

తర్వాత చాలా ఏళ్ళకు ఒక ఎగ్జిబిషన్‌లో గాజు పలక పెట్టారు. అందులో వెలుగుతో చేసిన కుండ బొమ్మ. హోలోగ్రామ్ అన్నారు. అద్దాలు అక్కర్లేదు. తల పక్కకు జరిపితే కుండ పక్కభాగం కనబడుతుంది. వాడు అటూ ఇటూ వంగి చూస్తూ ఉండిపోయాడు. కొండమీద స్వామి ముందు చెప్పినట్టే, వెనకవాళ్ళు జరగండి జరగండి అన్నారు. వాడు కదల్లేదు.

"అక్కా, ఈడ నాగ్గూడా పక్క కనపడతా ఉండాది" అన్నాడు.

ఆ రోజు నుంచి వాడికి అదే ధ్యానం. టీవీలు కూడా అట్లే వస్తాయని, మనుషులు వెలుగై మన ఇంట్లో నిలబడతారని, చుట్టూ తిరిగి చూడొచ్చని షాపుకొచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఎదురుగా టైర్ల అంగడాయన ఏడిపించేవాడు.

"ఏమప్పా, అంతమంది ఇంట్లోకొస్తే కాఫీ ఎవురు పోస్తారు?"

"వచ్చేది వెలుగబ్బా. నీ మాదిరి దినామూ కాఫీ అడగదులే."

ఆ నవ్వులన్నీ ఉన్న ఒక్క కన్నూ మసకబారేదాకే. చక్కెర జబ్బు. ఎక్కడ చూపించినా, ఉన్నది కొన్నాళ్ళు కాపాడుకోండి అన్నారు తప్ప మరో మాట లేదు. వాడు ఏడవలేదు. నేను కొండకు బయల్దేరుతుంటే మాత్రం చెయ్యి పట్టుకున్నాడు.

"స్వామినడుగక్కా. కన్ను నిలపమని గాదు. ఆ టీవీని బిన్నా రమ్మని, ఇది పోకముందే."

నేను రెండూ అడిగాను. ఆ రెప్పపాటు దర్శనంలో ఎంత అడగగలమో అంత అడిగాను. టీవీ రాలేదు. కన్ను నిలవలేదు. ఎందుకని స్వామిని నిలదీయడం నాకు చేతకాదు. చేతనైనదల్లా చిత్తూరు వెళ్ళినప్పుడు వాడి పక్కన కూర్చుని, టీవీలో వచ్చేది చెప్పడమే.

బ్రహ్మోత్సవాలప్పుడు గరుడసేవ చూపిస్తుంటే చెబుతూ ఉన్నాను. గరుడుడి పక్కభాగం ఎట్లుందని అడిగాడు.

"కనబడదురా నాయనా. ఎదురుగా ఉన్నంతవరకే."

"వస్తుందిలేక్కా. వచ్చినప్పుడు నువ్వు సూసి చెప్పు" అన్నాడు. పెద్దదాన్ని నేను. ముందు పోవలసింది నేనని వాడికి తోచనే లేదు. నాకూ తోచలేదు. సరేనన్నాను.

ఇప్పుడు మా పూజగది గుమ్మం పక్కన వాడి ఫోటో ఉంది. అదే కుడి చెంప, అదే పక్కచూపు. పొద్దున దీపం పెట్టి, ఎవరూ చూడకుండా తల కొంచెం పక్కకు వంచుతాను. ఇంకొంచెం వంచుతాను. ఫోటో అద్దం మీద దీపం వెలుగు జరుగుతుంది. వాడి ఎడమ చెంప కనబడదు.